పాత లిథియం బ్యాటరీల నుంచి కోబాల్ట్, లిథియం మనమే తీయగలమా? రేణిగుంట నుంచి ఒక ప్రశ్న

రేణిగుంట తుక్కు కొట్టు:

అందరికీ నమస్కారం. రేణిగుంట రోడ్డులో మాకు పాత సామాను కొట్టు ఉంది. మా నాయన కాలం నుంచి సీసం బ్యాటరీలే మా ప్రధాన సరుకు. లారీలవి, ట్రాక్టర్లవి, ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడినవి కొని, కాటా వేసి, అనుమతి ఉన్న సీసం కర్మాగారాలకు పంపుతూ వచ్చాము. కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారం ఉన్న ప్రాంతం వాళ్లం కాబట్టి సీసం గానీ, ఆమ్లం గానీ మాకు కొత్త కాదు. అయితే మూడేళ్లుగా కాటా మీదికి వచ్చే సరుకు మారిపోయింది. సెల్‌ఫోన్ బ్యాటరీలు, ల్యాప్‌టాప్ ప్యాకులు, పవర్ బ్యాంకులు, ఈ మధ్య స్కూటర్ల ప్యాకులు, బ్యాటరీ ఆటోల ప్యాకులు కూడా వస్తున్నాయి. కొట్టు వెనక రేకుల షెడ్డులో గోతాల్లో దాదాపు 400 కిలోలు పోగుపడ్డాయి.

చెన్నై నుంచి వచ్చే కొనుగోలుదారు అన్నింటికీ కలిపి ఒకే ధర చెబుతాడు. ఏ గోతంలో ఏముందని అడగడు, విప్పి చూడడు. చూడకుండా కొనేవాడికి కూడా నష్టం రావడం లేదంటే, మాకు తెలియని విలువ ఏదో ఆ గోతాల్లో ఉన్నదని నా అనుమానం. కోబాల్ట్ రాగి కంటే ఖరీదైన లోహమని, అది ఈ బ్యాటరీల్లోనే ఉంటుందని చదివిన తర్వాత ఆ అనుమానం ఇంకా పెరిగింది.

పోయిన నెలలో ధైర్యం చేసి, పూర్తిగా చచ్చిపోయిన ఒక ఫోన్ బ్యాటరీని ఆరుబయట విప్పి చూశాను. లోపల చాప చుట్టినట్టు రెండు రేకులు, వాటి మధ్య పలచని ప్లాస్టిక్ పొర ఉన్నాయి. ఒకటి రాగి రేకు. దానికి అంటిన నల్ల పొడి గోటితో గీస్తే రాలిపోయింది. రెండోది అల్యూమినియం రేకు. దాని మీది పొడి గీస్తే రాలలేదు, రేకును మడిచినప్పుడు మాత్రం పెచ్చులుగా లేచింది. గోళ్ల రంగు చెరిపే ద్రావణం లాంటి తియ్యటి వాసన వచ్చి తల దిమ్మెక్కింది. ఆ అల్యూమినియం రేకు ముక్కలను సీసం బ్యాటరీల ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టాను. బుడగలు వచ్చాయి, రేకు అక్కడక్కడ చిల్లులు పడింది, కానీ నల్ల పొడి చాలావరకు అడుగునే ఉండిపోయింది. పైన తేరిన ఆమ్లం మాత్రం లేత గులాబీ రంగుకు తిరిగింది.

ఆ పొడి ఎందుకు కరగలేదు? సీసాన్ని కరిగించినట్టు దీన్ని కొలిమిలో వేసి కరిగించే వీలు ఉందా? మా స్థాయిలో లోహం తీయడం సాధ్యం కాకపోతే, ఈ సరుకును ఏ రూపంలో అమ్మితే మాకు న్యాయమైన ధర వస్తుంది? మరొక మాట కూడా దాచకుండా చెబుతాను. పోయిన మే నెలలో పవర్ బ్యాంకుల గోతం ఒకటి దానంతట అదే పొగలు కక్కి అంటుకుంది. ఇసుక పోసి ఆర్పాము. అప్పటి నుంచి ఆ షెడ్డు వైపు మా ఇంట్లో వాళ్లు వెళ్లడం లేదు.

---

పాత లోహశాల:

నేను లోహాలను ద్రావణాల ద్వారా వేరు చేసే కర్మాగారాల్లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు చిత్తూరులో విశ్రాంతి తీసుకుంటున్నాను. ముందుగా ఒక విన్నపం: దయచేసి బ్యాటరీని ఇంకెప్పుడూ అలా విప్పవద్దు. మీరు పీల్చిన తియ్యటి వాసన అందులోని సేంద్రియ ద్రావకాలది. దానికంటే ప్రమాదకరమైనది వాసనతో తెలిసేది కాదు. ఆ ద్రావకంలో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణం కరిగి ఉంటుంది. దానికి గాలిలోని తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. పలచగా ఉన్నప్పుడు చర్మం మీద పడినా వెంటనే మంట తెలియదు, కొన్ని గంటల తర్వాత లోపలి కణజాలాన్ని, ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఇటువంటి చోట పనిచేసేవారు కాల్షియం గ్లూకోనేట్ జెల్‌ను చేతికి అందేంత దూరంలో పెట్టుకుంటారు. సీసం బ్యాటరీ ఆమ్లం పడితే నీళ్లతో కడుక్కుని పనిలోకి వెళ్లే అలవాటు మీకు ఉండి ఉంటుంది. ఆ అలవాటు ఇక్కడ చెల్లదు.

ఇక మీ పాత్రలో కనిపించిన గులాబీ రంగే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు. నీళ్లలో కరిగిన కోబాల్ట్ రంగు అది. కోబాల్ట్‌కు రెండు స్థితులు ఉన్నాయని అనుకోండి. రెండు ఎలక్ట్రాన్లు వదులుకున్న కోబాల్ట్ ఆమ్లంలో సుఖంగా కరుగుతుంది, మూడు వదులుకున్నది మొండికేస్తుంది. ఫోన్ బ్యాటరీలోని లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌లో ఉన్నది ఆ మొండి రకం. ఒక్క సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే కొంత కరిగి, కొంత మరో ఆక్సైడ్‌గా మారి అడుగున కూర్చుంటుంది. అందుకే కర్మాగారాల్లో ఆమ్లంతో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పోస్తారు. పుండ్లు కడిగే పెరాక్సైడ్ మామూలుగా ఎదుటి పదార్థాన్ని ఆక్సీకరిస్తుంది, అంటే దాని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఇక్కడ మాత్రం తానే ఎలక్ట్రాన్లు ఇచ్చి, కోబాల్ట్‌ను మెత్తబరచి, ఆక్సిజన్ వాయువుగా వెళ్లిపోతుంది. మీరు చూసిన బుడగలు అవి కావు. అల్యూమినియం ఆమ్లంతో కలిసి విడిచిన హైడ్రోజన్ అది. మూసి ఉన్న గదిలో, పక్కనే బీడీ వెలిగించే మనిషి ఉంటే ఆ రాత్రి వేరేలా ముగిసేది.

కొలిమి గురించి అడిగారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పైగా సీసం బ్యాటరీలో సీసం సగానికి మించి ఉంటుంది. అందుకే ఆ వ్యాపారం ఒక మూకుడు, ఒక గాలి తిత్తితో కూడా జరిగింది, ఎన్నో ఊళ్లలో నేలను, పిల్లల నెత్తురును పాడుచేసింది కూడా. లిథియం బ్యాటరీలో లోహం లోహంగా కూర్చుని లేదు. రాగి, అల్యూమినియం రేకులు, పైపెట్టె మాత్రమే లోహాలు. విలువైనదంతా ఆక్సైడ్ పొడిగా ఉంటుంది. కొలిమి పద్ధతి లేకపోలేదు. 1400 డిగ్రీలు దాటిన వేడిలో కర్బనంతో కలిపి కరిగిస్తే కోబాల్ట్, నికెల్, రాగి కలిసి ఒక మిశ్రమ లోహంగా దిగుతాయి. కానీ లిథియం, అల్యూమినియం చిట్టెంలోకి పోతాయి. అంటే పేరు లిథియం బ్యాటరీ, పోయేది లిథియమే. పైగా పొగలోని ఫ్లోరిన్‌ను కడిగే యంత్రాల ఖర్చు కూడా భారీగా ఉంటుంది.

విలువ ఎక్కడ ఉందో ఒక లెక్క చెబుతాను. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ బరువులో 60 శాతం కోబాల్ట్, 7 శాతం లిథియం. సెల్ మొత్తం బరువులో ఈ పొడి వాటా సుమారుగా మూడో వంతు అనుకుంటే, 100 కిలోల ఫోన్ బ్యాటరీ సెల్స్‌లో 20 కిలోల కోబాల్ట్, 2.3 కిలోల లిథియం ఉన్నట్టు. ఆ లిథియం మొత్తం చేతికి వస్తే 12 కిలోలకు పైగా లిథియం కార్బనేట్ అవుతుంది. మన కుప్పం పక్కన మూతపడిన చిగురుగుంట బంగారు గనిని తలచుకోండి. అక్కడ టన్ను రాయికి గ్రాముల లెక్కన బంగారం కోసం భూమి లోపలికి దిగారు, మీ గోతంలో టన్నుకు వంద కిలోలు దాటిన కోబాల్ట్ ఉంది. అయితే అదే షెడ్డులో ఉన్న బ్యాటరీ ఆటో ప్యాకులో ఉండేది చాలావరకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అందులో కోబాల్ట్ లేదు, నికెల్ లేదు, లిథియం నాలుగున్నర శాతం లోపే. మిగిలినదంతా ఇనుము, ఫాస్ఫేట్. స్కూటర్ ప్యాకులలో తరచు కనిపించేది నికెల్, మాంగనీస్, కోబాల్ట్ మూడూ కలిసిన రకం. అందులోనూ తేడాలున్నాయి. మూడు లోహాలూ సమపాళ్లలో ఉన్న పాత రకంలో కోబాల్ట్ 20 శాతం, ఎనిమిది పాళ్లు నికెల్ వేసిన కొత్త రకంలో 6 శాతం మాత్రమే ఉంటుంది. ఖరీదైన కోబాల్ట్‌ను తగ్గించుకుంటూ పోవడమే తయారీదారుల పని. ఆ తగ్గింపు భారం చివరికి తుక్కు వ్యాపారి మీద పడుతుంది.

మీ కొనుగోలుదారు విప్పి చూడకపోవడానికి కారణం ఇదే. అన్నీ కలిపి ఒకే ధర అన్నప్పుడు ఆ ధర ఇనుము ఫాస్ఫేట్ బ్యాటరీకి కట్టిన ధర అయి ఉంటుంది, ఫోన్ బ్యాటరీల్లోని కోబాల్ట్ అతనికి ఉచితంగా పోతుంది.

కర్మాగారంలో ఏం చేస్తారో కూడా క్లుప్తంగా చెబుతాను, అప్పుడు మీ స్థాయిలో ఇది సాధ్యమా అన్న సందేహం దానంతట అదే తీరుతుంది. ముందు బ్యాటరీల్లో మిగిలిన విద్యుత్తును ఖాళీ చేస్తారు. తర్వాత నైట్రోజన్ నింపిన మరలోగాని, నీటి కిందగాని ముక్కలు చేస్తారు. గాలి ఊది ప్లాస్టిక్‌ను, అయస్కాంతంతో ఇనుమును, జల్లెడలతో రాగి, అల్యూమినియం ముక్కలను వేరు చేస్తే మిగిలే నల్ల పొడిని ఈ వ్యాపారంలో బ్లాక్ మాస్ అంటారు. గ్రాఫైట్, లోహాల ఆక్సైడ్లు కలగలిసిన పొడి అది. దానిని ఆమ్లం, పెరాక్సైడ్‌లో కరిగించి, క్షారం పోస్తూ ముందు ఇనుమును, అల్యూమినియాన్ని దించేస్తారు. ఆ తర్వాత కిరోసిన్ వంటి నూనెలో కలిపిన ప్రత్యేక ద్రావకాలతో ఆ ద్రావణాన్ని చిలుకుతారు. ఒక ద్రావకం మాంగనీస్‌ను పట్టుకుంటుంది, మరొకటి నికెల్‌ను వదిలేసి కోబాల్ట్‌ను మాత్రమే పట్టుకుంటుంది. కోబాల్ట్, నికెల్ కవల పిల్లల వంటివి. వాటిని విడదీయడమే ఈ విద్యలో అసలు పరీక్ష. ఒక్కసారి చిలికితే చాలదు, పది పన్నెండు తొట్ల వరుసలో ద్రావణం ఒక వైపు, నూనె ఎదురు వైపు నడుస్తూ ఉండాలి. ఆమ్లత్వం కొద్దిగా అటూ ఇటూ జరిగితే ఆ రోజు సరుకు మొత్తం కల్తీ.

ఇంతకీ మిగిలేది ఏమిటి? సోడియం సల్ఫేట్ కలిసిన ఉప్పు నీరు. కోబాల్ట్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, కాస్టిక్ సోడాతో దించితే, కిలో కోబాల్ట్‌కు కనీసం 2.4 కిలోల సోడియం సల్ఫేట్ పుడుతుంది. కిలో లిథియానికి 10 కిలోలు. పైన చెప్పిన 100 కిలోల బ్యాటరీల లెక్కకు 70 కిలోలు దాటుతుంది. ఆ నీటిని స్వర్ణముఖిలోకి వదలలేరు, వదలకూడదు, ఆవిరి చేసి ఉప్పును వేరు చేయాలి. 400 కిలోల సరుకుకు ఈ ఏర్పాట్లన్నీ ఎవరూ పెట్టలేరు. రోజుకు టన్నుల్లో సరుకు నడిస్తేనే ఈ తొట్లకు అర్థం ఉంటుంది.

---

ఏర్పేడు బాటసారి:

సరుకు నిల్వ ఉంచినప్పుడు అంటుకోకుండా ఉండాలంటే బ్యాటరీలన్నింటినీ ఒక డ్రమ్ములో ఉప్పు నీళ్లు పోసి రెండు రోజులు ముంచి ఉంచితే సరిపోతుందని ఒక వీడియోలో చూశాను. ఖర్చు లేని పద్ధతి, ప్రయత్నించి చూడండి.

---

చిత్తూరు బ్యాటరీ ఆటో మెకానిక్:

ఆ వీడియో చూసి నేనూ అదే చేశాను, అందుకే చెబుతున్నాను, వద్దు. ఉప్పు నీళ్లలో వేసిన సెల్స్ ఖాళీ కాకముందే వాటి ప్లస్ మూతలు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. డ్రమ్ము మీద పచ్చని, గోధుమ రంగు తెట్టు కట్టింది. ఘాటైన వాసన మూడు రోజులు పోలేదు. కొన్ని సెల్స్ బయటికి తీసి మల్టీమీటర్ పెడితే సున్నా చూపించాయి. లోపల ఛార్జీ పోయిందని సంతోషించాను. తీరా చూస్తే ఛార్జీ పోలేదు, పైన అంచు తుప్పు పట్టి తెగిపోయిందంతే. అటువంటి సెల్‌ను మరలో వేసిన వాడి గతి ఏమిటి? ఆ డ్రమ్ములోని నీళ్లను ఎక్కడ పారబోయాలో తెలియక నెల రోజులు మూత పెట్టి ఉంచాను.

నేను ఇప్పుడు చేసే పని ఇది. 48 వోల్ట్ల ప్యాకు వస్తే, పాత ఆటోల 12 వోల్ట్ల హెడ్‌లైటు బల్బులు నాలుగింటిని వరుసగా కలిపి, ప్యాకు సొంత తీగలకే తగిలిస్తాను. బల్బులు వెలుగుతాయి, క్రమంగా ఎర్రబడతాయి, ప్యాకును కాపాడే ఎలక్ట్రానిక్ పలక, అదే బీఎంఎస్, కనీస వోల్టేజీకి రాగానే కట్ చేస్తుంది. పూర్తిగా సున్నాకు రాదు, కానీ అంటుకునే బలం చాలావరకు తగ్గుతుంది. ఆ తర్వాత తీగల కొసలకు వేర్వేరుగా టేపు చుడతాను. బీఎంఎస్ చెడిపోయిన ప్యాకును, ఉబ్బిన సెల్‌ను, నీళ్లలో మునిగిన దానిని నేను ముట్టుకోను. అవి వేరే ఇనుప డ్రమ్ములో, పొడి ఇసుకలో, గోడకు దూరంగా, ఎండ తగలని చోట ఉంటాయి. మీ పవర్ బ్యాంకుల గోతం మే నెలలో అంటుకోవడంలో వింత లేదు. రేకుల షెడ్డు, గోతంలో ఒకదాని మీద ఒకటి రాసుకునే టెర్మినల్స్, పైన ఎవరో విసిరేసిన మరో గోతం బరువు, ఇంతకంటే ఏం కావాలి?

ఇసుక పోశామన్నారు. మంట పక్కకు పాకకుండా ఇసుక ఆపుతుంది, కానీ లోపలి వేడిని తీయదు. లిథియం అంటే నీళ్లు తగిలితే పేలుతుందని చాలామంది భయపడతారు. ఈ బ్యాటరీల్లో లిథియం ముద్దగా ఉండదు కాబట్టి, దూరం నుంచి ధారాళంగా నీళ్లు కొట్టి చల్లార్చడమే సరైన పని అని అగ్నిమాపక సిబ్బంది నాకు నేర్పారు. ఒక చెంబుడు నీళ్లు చాలవు, గంట తర్వాత మళ్లీ రాజుకుంటుంది.

ఇంకొక మాట. మీ దగ్గరికి వచ్చిన ఆటో ప్యాకులన్నీ చచ్చినవని అనుకోవద్దు. ప్యాకులో ఒక వరుస సెల్స్ పోయినా బండి ఆగిపోతుంది, యజమాని విసిగిపోయి తుక్కుకు వేస్తాడు. మిగిలిన సెల్స్‌లో సగానికి పైగా బలం ఉంటే వాటిని సౌర దీపాలకు, చిన్న ఇన్వర్టర్లకు వాడుకోవచ్చు. ఇనుము ఫాస్ఫేట్ రకం లోహంగా తక్కువ విలువైనదని పెద్దాయన చెప్పారు, నిజమే. దాని నుంచి లోహం తీయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. కానీ సెల్‌గా దాని ఆయుష్షు ఎక్కువ. చంపకుండా అమ్ముకుంటేనే దానికి ధర.

---

రసాయన పంతులు:

తిరుపతిలో రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. పైన పెద్దలు చెప్పిన దానికి రెండు చేర్పులు.

బలమైన ఆమ్లమే ఎందుకు, నిమ్మ ఉప్పు సరిపోదా అని ప్రతి ఏడూ ఒక విద్యార్థి అడుగుతాడు. సరిపోతుంది. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం. పెరాక్సైడ్ తోడుంటే వేడి నీటిలో అది కోబాల్ట్‌ను, లిథియాన్ని చక్కగా కరిగిస్తుందని ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు చూపించారు. రాగి బిందెను చింతపండుతో తోమినప్పుడు జరిగేది దీనికి దూరపు చుట్టమే, అక్కడ పని చేసేది టార్టారిక్ ఆమ్లం. అయితే టన్నుల లెక్కకు వచ్చేసరికి సల్ఫ్యూరిక్ ఆమ్లం ధర ముందు సిట్రిక్ నిలవలేదు, పైగా లోహాలను గట్టిగా కౌగిలించుకునే దాని గుణమే తర్వాత వాటిని విడదీయడానికి అడ్డం వస్తుంది.

రెండోది లిథియం సంగతి. కోబాల్ట్, నికెల్ పోయిన తర్వాత మిగిలిన ద్రావణంలో బట్టల సోడా పోసి లిథియం కార్బనేట్‌ను దించుతారు. పంచదార, ఉప్పు వంటివి వేడి నీటిలో ఎక్కువ కరుగుతాయి; లిథియం కార్బనేట్ దీనికి తలకిందులు. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో 1.3 గ్రాములు కరిగితే, మరిగే నీటిలో 0.7 గ్రాములే కరుగుతుంది. అందుకే ద్రావణాన్ని ముందు చిక్కబరచి, 90 డిగ్రీల దగ్గర సోడా పోసి, వేడిగానే వడకట్టి, వేడి నీళ్లతోనే కడుగుతారు. చల్లటి నీళ్లతో కడిగితే, కష్టపడి దించిన దానిలో కొంత మళ్లీ కాలువ పాలవుతుంది. తరగతిలో ఈ ప్రయోగం చూపినప్పుడు, చల్లగా ఉన్నప్పుడు తేటగా ఉన్న గాజు పాత్ర వేడెక్కేకొద్దీ పాలలా తెల్లబడటం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు.

ఈ పని మన దేశంలో జరగడం లేదనుకోవద్దు. హైదరాబాదులోని సీ-మెట్ పరిశోధన సంస్థలో రూపొందిన పద్ధతిని 2023 నవంబరులో కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ తొమ్మిది పునర్వినియోగ పరిశ్రమలకు, అంకుర సంస్థలకు బదిలీ చేసింది. రకరకాల బ్యాటరీలు కలిసి వచ్చినా, లిథియం, కోబాల్ట్, నికెల్, మాంగనీస్‌లను 95 శాతానికి పైగా, సుమారు 98 శాతం స్వచ్ఛతతో ఆక్సైడ్లుగా, కార్బనేట్లుగా తీయగలమని ఆ సంస్థ ప్రకటించింది. మరో దారి కూడా ఉంది. కాథోడ్ పొడిని, అంటే అల్యూమినియం రేకు మీది పొడిని, ఆమ్లంలో చెరిపి మళ్లీ కట్టడం కంటే, పొడి అమరికను అలాగే ఉంచి అందులో తగ్గిపోయిన లిథియాన్ని మాత్రం తిరిగి నింపడం. ఇనుము ఫాస్ఫేట్ వంటి చవక పొడికి ఇదే గిట్టుబాటు అవుతుందని నా అభిప్రాయం. కానీ దానికి ఒకే రకం, ఒకే కాలం నాటి, కల్తీ లేని పొడి కావాలి, అంటే మళ్లీ మాట వేరు చేయడం దగ్గరికే వచ్చింది.

---

అనుమతుల కాగితాలు:

పరిశ్రమలకు అనుమతుల పత్రాలు సిద్ధం చేసే పని నాది. రేణిగుంట మిత్రులు అడగకపోయినా ఈ సంగతి తెలియకుండా ముందుకు వెళ్లకూడదు. 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. అంతకు ముందున్న 2001 నాటి నియమాలు సీసం బ్యాటరీలకే పరిమితం. కొత్తవి అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి. బ్యాటరీ అమ్మిన ఉత్పత్తిదారుడే దాని చివరి దశకు బాధ్యుడు. ఆ బాధ్యతను అతను నమోదైన పునర్వినియోగ సంస్థల దగ్గర ధ్రువపత్రాలు కొని తీర్చుకుంటాడు. ఆ సంస్థలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి. బ్యాటరీలను పాతిపెట్టడం, కాల్చడం నిషిద్ధం. మీ షెడ్డులో ఆమ్లం తొట్టి పెడితే అది చిన్న ప్రయోగం కాదు, అనుమతి లేని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి అవుతుంది.

ఇందులో మీకు పనికొచ్చే అంశం ఒకటి ఉంది. సెల్‌ఫోన్ల వంటి చిన్న బ్యాటరీలలోను, విద్యుత్ వాహనాల బ్యాటరీలలోను పదార్థాలను తిరిగి రాబట్టవలసిన కనీస వాటా 2024-25లో 70 శాతం, 2025-26లో 80 శాతం, 2026-27 నుంచి 90 శాతం. ఇది బ్యాటరీ మొత్తం ఎండు బరువు (డ్రై వెయిట్) మీద లెక్క, కోబాల్ట్ మీద కాదు. పైగా 2027-28 నుంచి ఈ రెండు రకాల కొత్త బ్యాటరీల్లో 5 శాతం, 2030-31 నాటికి 20 శాతం తిరిగి తీసిన పదార్థం వాడవలసి ఉంటుంది. కాబట్టి నమోదైన సంస్థలకు సరుకు అవసరం పెరుగుతూనే ఉంటుంది. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కీలక ఖనిజాల పునర్వినియోగానికి 1500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. అందులో మూడో వంతు చిన్న, కొత్త సంస్థలకు కేటాయించారు. అయితే అది లోహాన్ని నిజంగా వెలికి తీసేవారికే, నల్ల పొడి చేసి ఆపేసేవారికి కాదు.

ధర విషయంలో ఒక హెచ్చరిక. చైనాలో లిథియం కార్బనేట్ టన్ను ధర 2022 నవంబరులో సుమారు 6 లక్షల యువాన్లకు చేరి, 2023 చివరికి లక్ష దిగువకు పడింది. అప్పుడు ఎక్కువ ధరకు నల్ల పొడి కొని నిల్వ చేసినవారు చేతులు కాల్చుకున్నారు. మీరు ఎంత కాలం గోతాలు దాచుకుంటే అంత లాభమని అనుకోవద్దు. అగ్గి ప్రమాదం ఎటూ ఉండనే ఉంది.

---

రేణిగుంట తుక్కు కొట్టు:

అందరికీ కృతజ్ఞతలు. పాత లోహశాల గారూ, మీ మాటలు విన్న తర్వాత ఆమ్లం పాత్రకు మూత పెట్టి పక్కన ఉంచాను, దానిని ఎలా వదిలించుకోవాలో మీరే చెప్పాలి. లోహం తీసే ఆలోచన మానుకున్నాను. అయితే ఒక సందేహం మిగిలింది: పేరు చెరిగిపోయిన సెల్ ఏ రకమో కోయకుండా ఎలా తెలుస్తుంది?

---

చిత్తూరు బ్యాటరీ ఆటో మెకానిక్:

పెట్టె మీద వోల్ట్లు కనిపిస్తే చాలు. 3.2 అని ఉంటే ఇనుము ఫాస్ఫేట్. 3.6 గానీ 3.7 గానీ ఉంటే నికెల్, కోబాల్ట్ కుటుంబం. కొత్త ఫోన్ బ్యాటరీల మీద 3.8 లేదా 3.85 అని ఉంటుంది, అది కోబాల్ట్ ఎక్కువ ఉన్న రకం. ప్యాకు అయితే మొత్తం వోల్ట్లను వరుసలో ఉన్న సెల్స్ సంఖ్యతో భాగించండి. 48 వోల్ట్లకు 13 వరుసలు ఉంటే నికెల్, కోబాల్ట్ రకం, 15 గానీ 16 గానీ ఉంటే ఇనుము ఫాస్ఫేట్. అచ్చు చెరిగిపోయిన విడి సెల్‌ను మాత్రం ఊహించి ఏ కుప్పలోనూ కలపకండి, దానికి వేరే డబ్బా పెట్టండి. కొనేవాడు ఒక్క తప్పు సెల్ పట్టుకున్నా మొత్తం కుప్పకు తక్కువ ధర కడతాడు.

---

పాత లోహశాల:

ఆ ఆమ్లాన్ని కాలువలో పోయవద్దు, సున్నం కలిపి మీరే విరగ్గొట్టాలని కూడా చూడవద్దు. అందులో ఇప్పుడు కోబాల్ట్ ఉంది, కొద్దిగా ఫ్లోరైడ్ కూడా ఉండవచ్చు. ఆమ్లాన్ని తట్టుకునే ప్లాస్టిక్ క్యానులో, మూత పూర్తిగా బిగించకుండా, పేరు రాసి ఉంచండి. అల్యూమినియం ముక్కలు ఇంకా మిగిలి ఉంటే వాయువు పుడుతూనే ఉంటుంది. సీసం కర్మాగారానికి మీరు పంపే ఆమ్లంలో దీన్ని కలపకండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవారికి విడిగా అప్పగించండి.

---

రేణిగుంట తుక్కు కొట్టు:

ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని గోతాలు విప్పాము. చేతులకు రబ్బరు తొడుగులు, టెర్మినల్స్‌కు టేపు. ఫోన్ బ్యాటరీలు 112 కిలోలు తేలాయి. ల్యాప్‌టాప్, స్కూటర్ సరుకు ఒక కుప్ప, 3.2 వోల్ట్లవి మరో కుప్ప, పేరు చెరిగినవి ఒక డబ్బా. ఉబ్బినవి 31 ఉన్నాయి, ఇసుక డ్రమ్ములో వేసి షెడ్డు బయట వేపచెట్టు నీడలో పెట్టాము. చెన్నై ఆయనకు ఫోన్ చేసి, ఈసారి మూడు కుప్పలకు మూడు ధరలు చెప్పమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఫోన్ బ్యాటరీలు ఎన్ని కిలోలు అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. ధర ఇంకా చెప్పలేదు. ఈలోగా నమోదైన సంస్థలు రెండింటికి కూడా బరువులు రాసి పంపాను.

మెకానిక్ అన్నా, 3.2 వోల్ట్ల ఆటో ప్యాకులు రెండూ మీకోసం పక్కన పెట్టాను. బల్బులు మీరే తెచ్చుకోండి.